లాయరు నోటీసుకు రిప్లై ఇవ్వాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్లై నాలుగేళ్లు. అత్తగారితో పడక ఎనిమిది నెలలుగా పుట్టింట్లో ఉంటున్నాను. 15 రోజుల్లో కాపురానికి రాకపోతే కోర్టుకు వెళ్తానని మా ఆయన శ్రీకాకుళం లాయరు చేత నోటీసు ఇప్పించారు. రిప్లై ఇస్తే ఇరుక్కుపోతామని నాన్న అంటున్నారు. వేరు కాపురం పెడితే వెళ్లాలనే నాకుంది. ఏం చేయను?

జవాబు: అమ్మా, లాయరు నోటీసుకు రిప్లై ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. అయినా ఇవ్వమనే నా సలహా. ‘పిలిస్తే పలకలేదు’ అని రేపు కోర్టులో చెప్పుకునే అవకాశం వారికి మీరెందుకు ఇవ్వాలి? ఎందుకు వచ్చేశారో రాయించండి. జరిగింది జరిగినట్టే ఉండాలి. కోపం కొద్దీ జరగనివి కలిపితే అవే రేపు మీకు అడ్డం వస్తాయి. వేరు కాపురం పెడితే వస్తానన్న మాట మాత్రం తప్పకుండా ఉండాలి. లాయరుకు చెప్పడానికి మొహమాటపడి చాలామంది వదిలేసేది అసలైన ఆ మాటనే.

కోర్టు సమన్లు వస్తే సంగతి వేరు. తీసుకోకుండా తిప్పి పంపినా అందినట్టే లెక్క. వాయిదాకు వెళ్లకపోతే మీ మాట వినకుండానే తీర్పు రావచ్చు. కాపురానికి రమ్మనే కేసు 1955 నాటి హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద వేస్తారు. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వచ్చాక ఏడాదైనా మీరిద్దరూ కలవకపోతే, దాన్నే చూపి విడాకులు అడగవచ్చు. నాన్నగారికి ఈ సంగతి విడమరిచి చెప్పండి. కేసు వస్తే కౌంటరు (కోర్టులో మీ తరపు జవాబు) వేసి, మీకు ఆదాయం లేకపోతే కేసు నడిచినంత కాలం భరణం, ఖర్చులు కోరండి.

ఫీజు గురించి దిగులు వద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. విజయనగరంలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.

ఇక కాగితాల సంగతి పక్కన పెడితే, ఆయన అడిగింది మిమ్మల్ని రమ్మనే. కోపంతో అడిగారో ప్రేమతో అడిగారో నోటీసు చదివితే తెలియదు. ఈ ఎనిమిది నెలల్లో మీరిద్దరూ నేరుగా మాట్లాడుకున్నట్టు మీరు రాయలేదు. వేరు కాపురం మాట ఆయన చెవిన పడిందో లేదో కూడా తెలియదు. పెద్దల ద్వారా కబురు పంపకుండా మీరే ఫోను చేయండి. అత్తగారి తప్పులు ఎంచకుండా ఇల్లు, అద్దె, ఆయన ఉద్యోగం గురించి మాట్లాడండి.

ఎప్పుడైనా మీ మీద చెయ్యి చేసుకుని ఉంటే మాత్రం ఒంటరిగా వెళ్లకండి. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేసి, ఆ విషయం మీ లాయరుకు కూడా చెప్పండి.