మీటర్‌లో 180, యాప్‌లో 75: గాలి లెక్క ఏది నమ్మాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం గాలి గురించే. భోగి దగ్గర పడితే ప్రతి ఏడూ ఇదే వరస, కాకపోతే ఇప్పుడు చాలామంది చేతిలో సొంత మీటర్లు కూడా ఉన్నాయి. అందుకే మిగతా సందేహాలు పక్కన పెట్టి వీటికే జవాబిస్తున్నాను.

పొద్దున ఏడింటికి ఒక యాప్ తిరుపతి ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) 75 అని పచ్చ రంగులో చూపించింది. ఇంకో యాప్ 124 అని నారింజ రంగులో చూపించింది. ఏది అబద్ధం? (కొర్లగుంట, తిరుపతి)

రెండూ నిజమే కావచ్చండీ. గాలి ఒకటే, కొలబద్దలు వేరు. ఒక ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5, అంటే కంటికి కనిపించని సన్న ధూళి, 45 మైక్రోగ్రాములు ఉందనుకోండి. 2015 నుంచి మన దేశం వాడుతున్న పట్టికలో అది 75, 'సంతృప్తికరం'. అదే 45ను అమెరికా పట్టికలో వేస్తే 124 వస్తుంది, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలని చెప్పే మెట్టు అది. విదేశీ యాప్‌లు ఎక్కువగా అమెరికా పట్టిక వాడతాయి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్ మన పట్టిక వాడుతుంది.

అందుకే ఏక్యూఐ అంకె దగ్గర ఆగకండి. ఇంకొంచెం కిందికి జరిపి పీఎం 2.5 ఎన్ని మైక్రోగ్రాములో చూడండి. 24 గంటల సగటు 60 దాటకూడదని మన ప్రమాణం, 15 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన మాట. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో చూశాక, 45కి 'సంతృప్తికరం' అనే పేరు నాకు ససేమిరా నచ్చదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ అంకె ఏ స్టేషన్‌దో చూశారా? తిరుమల కొండ మీద ఒక కొలత స్టేషన్ ఉంది. కొండ దాదాపు 850 మీటర్ల ఎత్తు. కొన్ని యాప్‌లు 'తిరుపతి' అని రాసి కొండ మీది గాలినే చూపిస్తాయి, కింద లీలామహల్ సర్కిల్లో ఆటోల మధ్య నిలబడ్డవాడు పీల్చేది అది కాదు. దగ్గర్లో స్టేషన్ లేకపోతే కొన్ని యాప్‌లు ఉపగ్రహం ఫొటోలు, కంప్యూటర్ మోడళ్లు కలిపి ఒక అంచనా కట్టి, అది కూడా కొలిచినట్టే చూపిస్తాయి. స్టేషన్ పేరు రాయని యాప్‌ను నేను ఫోన్‌లో ఉంచుకోను.

4 వేలు పెట్టి ఆన్‌లైన్‌లో గాలి మీటర్ కొన్నాను. మంచు పడే పొద్దుల్లో పీఎం 2.5 180 దాకా ఎక్కుతోంది. నాన్నకు ఆయాసం ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. నిజంగానే అంత ఉంటుందా? (గిరింపేట, చిత్తూరు)

అందులో కొంత ధూళి, కొంత నీళ్లు. మీ మీటర్ ధూళిని తూకం వేయదు. లోపల అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఉంటుంది, దాంట్లో చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది, ఆ గాలి మీద లేజర్ పడుతుంది, రేణువు అడ్డొచ్చినప్పుడు చెదిరిన వెలుగును చూసి ఇంత బరువు ఉండొచ్చని లెక్క కడుతుంది. గాలిలో తేమ 80 శాతం దాటితే రేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, వాటితోపాటు మంచు చుక్కలూ లెక్కలోకి వస్తాయి. ప్రభుత్వ స్టేషన్లలో లక్షల ఖరీదు చేసే యంత్రాలు ఉంటాయి. వాటిలో ఎక్కువగా వాడే రకం గాలిని వేడి చేసి తేమ తగ్గించి, ధూళిని ఒక టేపు మీద పట్టి, దాని గుండా బీటా కిరణాలు ఎంత తగ్గాయో చూసి బరువు చెబుతుంది.

నేను మా వంటగట్టు మీద ఇలాంటి మీటరే పెట్టి చూశాను. ముందు 22 ఉంది. ఇడ్లీ పాత్ర మూత తీయగానే 140కి ఎగిరింది, రెండు నిమిషాల్లో మళ్లీ 25కు దిగింది. తర్వాత పప్పులోకి తిరగవాత పెట్టాం, ఆవాలు చిటపటలాడి ఎండుమిరపకాయ నల్లబడేసరికి 160. కిటికీ తెరిచినా అది దిగడానికి అరగంట దగ్గర పట్టింది. ఆవిరి ఆరిపోతుంది, పొగ నిలబడుతుంది. మీటర్‌కు మాత్రం రెండూ ఒకటే.

మీ ఊళ్లో గంగినేని చెరువు దగ్గర ప్రభుత్వ స్టేషన్ ఉంది. ఒక వారం పాటు మంచు లేని మధ్యాహ్నాలు, మంచు ఉన్న పొద్దులు రెండు పూటలా మీ అంకె, అదే గంటకు వాళ్ల అంకె ఒక కాగితం మీద రాయండి. మధ్యాహ్నాలు దగ్గరగా ఉండి పొద్దున మాత్రమే మీది రెట్టింపు వస్తుంటే తేడా తేమదే అనుకోవచ్చు.

అలాగని 180ని కొట్టిపారేయొద్దు. చలికాలం తెల్లవారుజామున గాలి నిజంగానే చెడ్డది. రాత్రి నేల చల్లబడి, నేలకు ఆనుకున్న గాలి పైకి లేవలేక కుండ మీద మూత పెట్టినట్టు ఉంటుంది, మనం వదిలిన పొగంతా ఆ మూత కిందే తిరుగుతుంది. ఎండ బాగా కాశాక గానీ మూత లేవదు. నాన్నగారి నడక ఎనిమిది తర్వాతకు మార్చండి. భోగి రోజు పొద్దెక్కేదాకా కిటికీలు మూసి ఉంచండి. మీ వీధిలో మంటలో టైర్లు వేసే పిల్లలుంటే దయచేసి వెళ్లి మాట్లాడండి, ఆ పొగ మీ నాన్నగారి గదిలోకే వస్తుంది.

మా బీటెక్ ప్రాజెక్టు: రేపటి పీఎం 2.5 ముందే చెప్పడం. పాత రీడింగుల నుంచి నేర్చుకునే మా కంప్యూటర్ మోడల్ 97 శాతం కరెక్టు అంటోంది, దీపావళి రోజు మాత్రం ఘోరంగా తప్పింది. ఎందుకు సార్? (ఇంజినీరింగ్ విద్యార్థులు, తిరుపతి)

మీరు పంపిన కోడ్ చూశాను. స్టేషన్ ఇచ్చే 15 నిమిషాల రీడింగులన్నీ కలిపేసి, లాటరీ తీసినట్టు కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు వేశారు. 10:00 రీడింగు శిక్షణలో, 10:15ది పరీక్షలో పడితే మోడల్ కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది? ముందు కాలాన్ని బట్టి విడగొట్టండి, రెండేళ్లు శిక్షణకు, ఆ తర్వాతి ఏడాది పరీక్షకు. ఆ తర్వాత 'ఈరోజు ఎంతో రేపూ అంతే' అనే ఒక్క వాక్యపు మోడల్‌తో మీదాన్ని పోల్చండి. దాన్ని కూడా గెలవలేకపోతే 97 శాతానికి అర్థం లేదు. ఇలా చేస్తే మీ అంకె పడిపోతుంది, బాధపడకండి, అసలు ప్రాజెక్టు అక్కడే మొదలవుతుంది.

రెండోది, మీ మోడల్‌కు నిన్నటి ధూళి తప్ప ఏమీ తెలీదు. గాలి వేగం, దిక్కు, వాన, తేమ, అన్నిటికంటే ముఖ్యంగా పైన చెప్పిన మూత ఎత్తు ఇవ్వండి, దాన్నే బౌండరీ లేయర్ ఎత్తు అంటారు. చలికాలం తెల్లవారుజామున అది కొన్ని వందల మీటర్లలోపే ఉంటుంది, ఎండాకాలం మధ్యాహ్నం కిలోమీటరు దాటి లేస్తుంది. ఒకే పొగ చిన్న గదిలో వేసినట్టా, పెద్ద హాల్లో వేసినట్టా అన్నంత తేడా. యూరప్ వాతావరణ కేంద్రం వాళ్ల ఈఆర్ఏ5 డేటాలో గంట గంటకూ ఈ ఎత్తు ఉచితంగా దొరుకుతుంది. చిత్తూరు రోడ్డులో గాదంకి మీదుగా వెళ్లేటప్పుడు మీరు దాటిపోయే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల పనిచేసేది ఇలాంటి విషయాల మీదే. అక్కడి ఎంఎస్‌టీ అనే రాడార్ 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో మన నెత్తిన గాలి ఎటు వీస్తోందో చూస్తుంది. ఇంత దగ్గర్లో ఉండి కూడా, మీ రిపోర్టులో ఢిల్లీ డేటా పెట్టడం నాకు మనసొప్పలేదు.

ఇక దీపావళి. టపాకాయలు ఏ రోజు కాలుస్తారో వాతావరణంలో రాసి ఉండదు, పంచాంగంలో ఉంటుంది. దీపావళి, భోగి తేదీలకు ఒక కాలమ్ పెట్టండి. ఏడాదికొక్కసారే వస్తాయి కాబట్టి మోడల్ అప్పటికీ సరిగ్గా నేర్చుకోలేకపోతుంది, ఆ రోజులకు ఒక్క అంకె చెప్పే బదులు 'ఇంత నుంచి ఇంత' అని చెప్పించండి.

ఫోన్‌లోనే గాలి కొలిచే సెన్సార్ ఉంటుందా? (పీలేరు)

మామూలు ఫోన్లలో ఉండదమ్మా. ఫోన్ చూపించేది నెట్ నుంచి తెచ్చిన అంకె. మైకు దగ్గర ఊదితే గాలి నాణ్యత చెబుతామనే యాప్‌లు కనిపిస్తే వెంటనే తీసేయండి.