నాన్నగారు కిడ్నీల్లో నీటి తిత్తుల జబ్బుతో పోయారు, నాకు ఏ ఇబ్బందీ లేదు. అయినా పరీక్ష అవసరమా?

32 ఏళ్ల వయసులో ఆరోగ్యంగా ఉన్నప్పుడు స్కానింగ్ ఎందుకని ఇంట్లోవాళ్లు అంటున్నారని మీరు రాశారు. నా సమాధానం ఒక్కటే: ఇబ్బంది కనిపించేదాకా ఆగవద్దు.

మా నాయన ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి స్వామిని దర్శించుకునేవారు. అలాంటి మనిషికి ఈ తిత్తుల జబ్బే ఉంటుందని మాలో ఎవరమూ అనుకోలేదు. నడుము నొప్పి వస్తే మందుల షాపులో మాత్ర తెచ్చుకుని సరిపెట్టుకునేవారు. బీపీ ఎక్కువగా ఉందని బయటపడేనాటికే క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడపోయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) బాగా పెరిగిపోయి, ఆయన చివరి రోజులు డయాలసిస్‌తోనే గడిచాయి.

పెద్దల్లో సాధారణంగా కనిపించే ఈ రకం జబ్బు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే, ఆడ మగ తేడా లేకుండా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. అన్నకు వచ్చింది కనుక తమ్ముడికి రాదనే లెక్క ఇక్కడ చెల్లదు. చాలామందికి జన్యు పరీక్ష దాకా వెళ్లనవసరం లేదు, పొట్ట అల్ట్రాసౌండ్ చాలు. 40 దాటాక తిత్తులు లేకుంటే దాదాపు నిశ్చింతగా ఉండవచ్చు గానీ, మీ వయసులో స్కానింగ్ బాగుందన్నా ఎప్పుడు మళ్లీ చేయించాలో అడిగి తెలుసుకోండి.

నాకు తిత్తులు ఉన్నాయి. వాటిని కరిగిస్తామనే నాటుమందుల మాటలు నేను నమ్మను. నా చేతిలో ఉన్నది బీపీ. ఉదయం ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, మిషన్‌తో చూసుకుని, అంకె పుస్తకంలో రాసి, ఓపీకి వెళ్లినప్పుడు ఆ పుస్తకమే డాక్టరు ముందు పెడతాను. నాకు 130/80 లోపు ఉండాలన్నారు. మీకెంత ఉండాలో మీ డాక్టరే చెప్పాలి. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సంగటిలోకి ఊరగాయ లేనిదే ముద్ద దిగని మన చిత్తూరు జిల్లావాళ్లకు, నిజం చెప్పాలంటే, మాత్రలకన్నా ఇదే కష్టం. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడవద్దు. జబ్బు వేగంగా ముదిరేవారికి దాన్ని నెమ్మదింపజేసే టోల్వాప్టాన్ అనే మందు ఉంది, కాని అది అందరికీ కాదు, వాడినంత కాలం లివర్ పరీక్షలు తప్పవు.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ జబ్బుల) విభాగం ఉంది. వెళ్లేటప్పుడు నాన్నగారి పాత రిపోర్టులు తీసుకువెళ్లండి. మీ వంశంలో ఎవరైనా మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. ఈ జబ్బున్న కొందరికి ఆ నాళాల్లో ఉబ్బు ఏర్పడుతుంది కనుక, తల స్కానింగ్ అవసరమా కాదా అన్నది డాక్టరు దాన్నిబట్టే నిర్ణయిస్తారు.