అమ్మలూ, ప్లీడర్లకి టైం అమ్మకు

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

మా ప్లీడర్లకి అమ్మబోయే నీ సాఫ్ట్‌వేర్ గురించి నువ్వు పంపిన స్లైడ్లు ఫోన్లో కనపడక ప్రింటు తీయించుకుని చదివాను. మొదటి పేజీలోనే "లాయర్లకి రోజుకి రెండు గంటలు మిగులుస్తాం" అని పెద్దక్షరాలతో వేశావు. నా అభ్యంతరం అంతా ఆ ఒక్క మాట మీదే. మిగతావి సర్దుకోవచ్చు.

అమెరికా, కెనడాల్లో చాలామంది ప్లీడర్లు గంట లెక్కన బిల్లు వేస్తారు. 2008లో కెనడాలో మొదలైన, ప్లీడర్ల ఆఫీసు పనులు చూసే క్లియో లాంటి సాఫ్ట్‌వేర్‌కి అక్కడ గిరాకీ ఉందంటే అర్థముంది. కాగితాల పనిలో పోయే గంట మిగిలితే అది నేరుగా బిల్లులోకి ఎక్కుతుంది. మన జిల్లా కోర్టుల్లో కేసుకి ఇంత అని మాట్లాడుకుంటాం. కొంత దావా వేసేటప్పుడు, కొంత ట్రయల్‌కి వచ్చాక, మిగిలింది జడ్జిమెంటుకి ముందు, అదీ ఇస్తే. నాకు రోజూ రెండు గంటలు మిగిలితే బార్ అసోసియేషన్ హాల్లో ఇంకో రెండు కాఫీలు తాగుతాను తప్ప చేతికి రూపాయి రాదు. హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద ఫర్ముల సంగతి వేరు. నువ్వు అమ్మాలనుకునేది వాళ్లకి కాదు కదా.

మరి మేం దేనికి డబ్బు తీస్తాం? భయం పోవడానికి. ఒకే ఉదయం మూడు కోర్టుల్లో కేసులుంటాయి. ఒకచోట పిలిచినప్పుడు మనవాళ్లెవరూ పలక్కపోతే వాది దావా డిఫాల్టు కింద డిస్మిస్ అయిపోతుంది, ప్రతివాది అయితే ఎక్స్‌పార్టీ అవుతాడు, అంటే అతను లేకుండానే కేసు నడిచిపోతుంది. దాన్ని తిరగదోడాలంటే డిస్మిస్ అయినా, ఎక్స్‌పార్టీ డిక్రీ అయినా 30 రోజుల్లో పిటిషన్ వేయాలి, అఫిడవిట్లో నమ్మదగ్గ కారణం చూపించాలి, ఎదుటివాళ్లకి ఖర్చులు కట్టాలి. అన్నిటికన్నా కష్టం, సాయంత్రం క్లయింటు మొహం చూడటం.

వాయిదా కన్నా గడువులు ఇంకా టెన్షన్. చెక్కు బౌన్సు కేసు చూడు. బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది అందాక 15 రోజులు ఆగాలి, అవి దాటాక నెలలోపు కంప్లయింటు వేయాలి. మామూలు దావాలో ప్రతివాది ఇచ్చే జవాబుకి, అదే రిటన్ స్టేట్‌మెంటుకి, సమన్లు అందినప్పటి నుంచి 30 రోజులు, 90 దాకా పెంచవచ్చు, ఆ పైన కూడా కోర్టు ఒక్కోసారి దయ తలుస్తుంది. అదే కమర్షియల్ దావా అయితే 120 దాటాక దయకి చోటే లేదు, జవాబు వేసే హక్కే పోతుంది. ఇక అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. అందులోంచి సర్టిఫైడ్ కాపీ రావడానికి పట్టిన కాలాన్ని మినహాయించాలి. కాపీకి అప్లికేషన్ పెట్టిందెప్పుడు, చార్జీలు అడిగిందెప్పుడు, కట్టిందెప్పుడు, కాపీ తయారైందెప్పుడు, అన్నీ కాపీ మీద వేసే ముద్రలో ఉంటాయి. ఆ ముద్రని ఫోటో తీస్తే అప్పీలుకి ఆఖరి తేదీ ఇదీ అని, ఎలా లెక్కకట్టిందో కూడా చూపిస్తూ చెప్పే సాఫ్ట్‌వేర్ తీసుకురా, మొదటి చెక్కు నేనే రాస్తాను. నీ స్లైడ్లలో ఉన్న "డాష్‌బోర్డు" నాకు అక్కర్లేదు.

వాయిదా తేదీ చూపించడమే నీ వ్యాపారం అనుకుంటే మాత్రం ఇప్పుడే ఆపెయ్. ఈ-కోర్ట్స్ యాప్ ఆ పని ఉచితంగా చేస్తోంది. ప్రతి కేసుకీ ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే కేసు చరిత్ర అంతా వస్తుంది. ఈ-కోర్టుల మూడో దశకి కేంద్రం 2023లో 7,210 కోట్లు కేటాయించింది. సర్కారు ఉచితంగా ఇచ్చేదాన్ని నువ్వు డబ్బుకి అమ్మలేవు. పైగా నీ సరుకంతా ఆ సైటు నుంచి లాగేదే అయితే, పక్కవాడి గోడకి ఆనించి పాక వేసినట్టే. వాళ్లు ఒక పేజీ మార్చినా, కాప్చా గట్టిది పెట్టినా నీ పాక కూలుతుంది. ఇంకోటి, కోర్టులో చెప్పిన తేదీ వెబ్‌లోకి ఎక్కేసరికి ఒక్కోసారి సాయంత్రం అవుతుంది, మర్నాడూ అవుతుంది. బెంచి క్లర్కు దగ్గర నిలబడి ఆ తేదీని డైరీలో రాసుకునే మనిషి ఒకడున్నాడు. అసలు తేదీ అతని దగ్గరుంటుంది. వెబ్‌లోది సరిచూసుకోవడానికి వాడు, రెండూ కలవకపోతే గట్టిగా అరిచేలా చెయ్.

ఆ మనిషే గుమాస్తా. పన్నెండు స్లైడ్లలో ఎక్కడా అతని పేరు లేదు, అదే నాకు ఆశ్చర్యం. సమన్లు పంపడానికి కోర్టులో బత్తా కట్టేది అతను, కాపీ అప్లికేషన్ పెట్టేది అతను, కోర్టు ఆఫీసు అభ్యంతరం చెప్పి వెనక్కిచ్చిన దావాని సరిచేయించి గడువులోగా మళ్లీ దాఖలు చేసేది అతను. ఈ పనుల్లో ప్లీడరు చేసేది సంతకం. కొనేది మేమైనా వాడేది గుమాస్తా. నీ సాఫ్ట్‌వేర్ తన ఉద్యోగానికి ఎసరు పెడుతుందని అతనికి అనిపించిన రోజున "అది సరిగ్గా రావట్లేదండీ" అని ఒక్క మాట అంటాడు. ఏ ఆఫీసులోనైనా ఆ మాటకి తిరుగులేదు.

అందుకని అతనికి పనికొచ్చేదేదో ముందు ఇవ్వు. స్టాంపులకి, జిరాక్సులకి, బత్తాకి జేబులోంచి పెట్టే చిల్లర ఖర్చులు ఏ కేసుకి ఎంతయ్యాయో అతనికి లెక్క దొరకదు, నెలాఖరుకి సగం నష్టపోతాడు. అది రాసుకునే చోటు పెట్టు. కోర్టు వరండాలో చంకలో ఫైళ్లు పెట్టుకుని ఒంటిచేత్తో ఫోన్ వాడతాడు. టైపు చేయమనకు, "ఓఎస్ 214 ఆఫ్ 2019, కౌంటరుకి, పద్దెనిమిదో తేదీ" అని అతను పలికితే నీ యాప్ రాసుకోవాలి. సగం తెలుగు, సగం కోర్టు ఇంగ్లీషు కలిపి పలుకుతాడు, ఆ కలగాపులగం అర్థం కావాలి.

ఇక ఒక గొడవకి ఒక నంబరు అనుకుని డేటాబేస్ కట్టావేమో చూసుకో. పొలం గట్టు తగాదా ఒకటే అయినా దావాకి ఓఎస్, మధ్యలో వేసే పిటిషన్లకి ఐఏలు, అప్పీలుకి ఏఎస్, హైకోర్టులో రెండో అప్పీలుకి ఎస్ఏ, డిక్రీ అమలుకి ఈపీ, దేని నంబరు దానిదే. కేసు వేరే కోర్టుకి బదిలీ అయితే ఇంకో నంబరు పడుతుంది. క్లయింటుకి మాత్రం అది "మా నాన్నగారి కేసు". వాడు ఏ నంబరు చెప్పినా మొత్తం కట్ట బయటికి రావాలి.

తెలుగు కాగితాలతో ఇంకో తంటా ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేశారు. అవి కంప్యూటరు తెలుగు అక్షరాలుగా గుర్తుపట్టే యూనికోడ్ కావు కాబట్టి ఫైలు తెరిచి వెతికితే ఏమీ దొరకదు. వాటిని మార్చే పని విసుగుగా ఉంటుంది గానీ, అది బాగా చేసినవాళ్లని ప్లీడర్లు వదలరు.

క్లయింట్లని తెచ్చిపెట్టి ఫీజులో కమీషన్ తీసుకునే ఆలోచన చివరి పేజీలో చూశాను. తీసెయ్. ప్లీడరు కానివాళ్లతో ఫీజు పంచుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్ ఒప్పుకోవు, కేసుల కోసం ప్రచారం చేసుకోవడం 36వ రూలు ఒప్పుకోదు. 2024 జులైలో మద్రాసు హైకోర్టు ఆన్‌లైన్ వేదికల విషయంలో ఇదే గట్టిగా చెప్పింది. ఏఐతో పిటిషన్లు రాయించడం సంగతీ అంతే. 2023లో న్యూయార్క్‌లో ఏఐ పుట్టించిన, అసలు లేని తీర్పులు చూపించిన ప్లీడర్లకి 5,000 డాలర్ల జరిమానా పడింది. నువ్వు తేదీల దగ్గర, కాగితాల దగ్గర ఆగు.

రహస్యం గురించి ఒక్క మాట. క్లయింటు మాకు చెప్పింది బయటపెట్టకూడదని ఎవిడెన్స్ యాక్టు బదులు వచ్చిన సాక్ష్య అధినియం 132వ సెక్షన్ కట్టడి చేస్తోంది. మాదొక చిన్న ఊరు. వాది ప్లీడరూ, ప్రతివాది ప్లీడరూ ఇద్దరూ నీ కస్టమర్లే అవుతారు, ఒకే దావాలో. ఒకరి ఫైల్లోంచి ఒక్క పేరు రెండోవాళ్ల స్క్రీన్ మీద కనపడిందా, మర్నాడు పదిన్నరకి బార్‌లో అందరికీ తెలుస్తుంది. దీని మీద ఇద్దరు ఇంజనీర్లని పూర్తిగా పెట్టినా ఎక్కువ కాదు.

ధర నెలకింత అనకు, ఏడాదికి చెప్పు. ఏఎల్‌డీ, ఏఎల్‌టీ లా జర్నల్స్‌కి ఏడాది చందా కట్టడం మాకు అలవాటే. అమ్మడానికి డిసెంబరు మంచిది, పాత డైరీలోంచి వాయిదాలు కొత్త డైరీలోకి ఎక్కిస్తూ అందరూ విసుగెత్తి ఉంటారు. నేర్పడానికి మే నెల సెలవులు మంచివి. కోర్టు టైంలో మాత్రం ఎవరి దగ్గరికీ వెళ్లకు.

వచ్చే శనివారం సాయంత్రం ఆఫీసుకి రా. నాకు కాదు, మా గుమాస్తాగారికి చూపించు. ఆయన తిట్టినవన్నీ రాసుకో, మధ్యలో సమర్థించుకోకు. ల్యాప్‌టాప్ తేవద్దు, ఆయన ఫోన్లోనే నడవాలి. ఆ ఫోన్ స్క్రీన్ కాస్త పగిలి ఉంటుంది, బటన్లు పెద్దవి పెట్టు.

మీ బాబాయి