ఆ కొండ ఎందుకంత నిశ్శబ్దంగా ఉంది?

తమ్ముడూ,

నువ్వు పంపిన మార్వెన్ కొండ వ్యాసం రెండుసార్లు చదివాను. అబర్డీన్‌లో చదువుకుంటూ, సెలవు దొరగ్గానే స్కాట్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న కేథ్‌నెస్ దాకా వెళ్లి, ఎవరూ పెద్దగా పట్టించుకోని 706 మీటర్ల కొండ ఎక్కి వచ్చావంటే నీలో రాసేవాడు ఉన్నాడని నాకు నమ్మకం కుదిరింది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

‘నిశ్శబ్దం’ అన్న మాట తొమ్మిదిసార్లు వాడావు. తొమ్మిదీ కొట్టేసి, అక్కడ నీ చెవిన పడిందేంటో రాయి. బ్రేమోర్ నుంచి బెరీడేల్ వాగు పక్కన జీపుదారి ఉన్నంతసేపూ బూట్ల కింద కంకర కరకరలాడుతుంది, దారి వదిలి తడినేలలోకి దిగాక ఆ చప్పుడు పోయి, అడుగు తీసినప్పుడల్లా నేల బూటుని పట్టుకుని వదిలే శబ్దం మొదలవుతుంది. హెదర్ పొదలోంచి గ్రౌస్ పక్షి కాళ్ల దగ్గరే ఒక్కసారిగా లేచి అరుస్తూ పోతే గుండె ఆగినంత పనవుతుంది. గోల్డెన్ ప్లోవర్ పిట్ట ఎక్కడుందో కనపడదు, సన్నటి ఈల మాత్రం వినిపిస్తుంది. ఇన్ని ఉండగా ఒక్క మాటతో సరిపెట్టేశావు.

ఆ తడినేలని ‘బురద’ అని దాటేయడం కూడా నాకు నచ్చలేదు. అది పీట్. స్ఫాగ్నం నాచు చచ్చి, నీళ్లలో గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటూ వస్తుంది. మోకాలి దాకా దిగబడ్డానని రాశావే, నీ పాదం దాదాపు ఐదు వందల ఏళ్ల కిందటి నాచు మీద ఆగిందన్నమాట! ఆ ప్రాంతంలోని ఫ్లో కంట్రీ అనే విశాలమైన పీట్ నేలకి యునెస్కో 2024లో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది ఈ నేలని చూసే. శిఖరం గురించి పేజీన్నర రాశావు, అది అయిదు వాక్యాలకి తగ్గించు. ఆర్క్‌నీ దీవులు కనిపించాయి, గాలి నిలబడనివ్వలేదు, చాలు. మిగతా చోటంతా ఈ నేలకివ్వు.

అసలు బాధ కలిగించిన వాక్యం వేరే ఉంది. ‘మనిషి అడుగు పడని చోటు’ అన్నావు. నా మొదటి వ్యాసంలో నేనూ అదే రాశాను, అచ్చయ్యాక బాడ్‌బే వెళ్లి చూసి సిగ్గుపడ్డాను. మార్వెన్‌కి ఆగ్నేయాన సముద్రం మీదికి వాలిన కొండచరియ అంచున ఉన్న పాడుబడ్డ ఊరు అది. లాంగ్‌వెల్, బెరీడేల్, ఔస్‌డేల్ లోయల్లో సాగు చేసుకుంటున్న కుటుంబాలని గొర్రెల మంద కోసం భూస్వాములు ఖాళీ చేయిస్తే, వాళ్లు వచ్చి పడింది ఆ చరియ మీద. గాలికి కింద పడిపోకుండా పశువుల్నీ చిన్నపిల్లల్నీ తాళ్లతో కట్టి ఉంచేవాళ్లట. 1911లో ఆఖరి మనిషీ వెళ్లిపోయాడు. అక్కడి నుంచి 1839లో న్యూజిలాండ్ వెళ్లినాయన కొడుకు కట్టించిన స్మారకం మీద ఆ ఊళ్లో బతికినవాళ్ల పేర్లున్నాయి, నిలబడి ఒక్కొక్కటీ చదవాలి.

నీకు అంత ప్రశాంతంగా అనిపించిన లోయలు ఒకప్పుడు పొయ్యిలు వెలిగిన చోట్లు, తమ్ముడూ. వాటిని ఖాళీ చేశారు కాబట్టే నీకు ఎవరూ ఎదురు కాలేదు. ఇది తెలిశాక కూడా ఆ కొండ అందంగానే ఉంటుంది, నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ దాని గురించి రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది, ఆగాలి కూడా.

ఏ9 రోడ్డు పక్కన కారు ఆపి కాసేపు నడిస్తే బాడ్‌బే వచ్చేస్తుంది. ముందు అక్కడికి వెళ్లిరా. మళ్లీ మార్వెన్ ఎక్కాలనిపిస్తే మ్యాపూ దిక్సూచీ మర్చిపోకు, మంచు కమ్మితే ఫోన్‌ని నమ్ముకోవద్దు. తిరిగొచ్చాక మొత్తం కొత్తగా రాసి పంపు, ఎంత పొడుగున్నా చదువుతాను.