ఖాళీలున్న జీపీఎస్ డేటాతో ప్రాజెక్టు మంచిదేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో ఏడాది. జీపీఎస్ స్టేషన్ల డేటాలో కలిసిపోయిన సంకేతాలను విడదీయడం మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. చాలా రోజుల డేటా లేనే లేదట. ఫ్రెండ్సంతా ఏఐ అంటుంటే ఇదేంటని మాకు టెన్షన్. ఉద్యోగాలుంటాయా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: చేయనివ్వండి. ఇది ఫోన్‌లో దారి చూపే జీపీఎస్ కాదు. నేలలో దిగేసిన స్తంభం మీద యాంటెన్నా ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ చోటు ఎటు ఎంత జరిగిందో రోజుకో లెక్క, మిల్లీమీటర్లలో వస్తుంది. నేపాల్ స్టేషన్లనే తీసుకోండి. భారతదేశాన్ని మోస్తున్న భూఫలకం ఉత్తరానికి నెట్టడం, వానాకాలం నీటి బరువుకి నేల కుంగి ఎండలకి మళ్లీ లేవడం, 2015 ఏప్రిల్ 25 గోర్ఖా భూకంపం నాటి ఉదుటు, స్టేషన్లన్నిటిలో ఒకేసారి కనిపించే లెక్క దోషాలు, అన్నీ ఒకే గ్రాఫ్‌లో కలిసిపోయి ఉంటాయి.

అసలు చిక్కు ఖాళీలతోనే. పిడుగు పడో, బ్యాటరీ పోయో స్టేషన్ ఆగిపోతుంది. సంకేతాలను విడదీయడానికి వాడే మామూలు గణిత పద్ధతి పీసీఏకేమో గళ్లన్నీ నిండిన పట్టిక కావాలి. దాంతో రెండు కొసలనూ గీత గీసి కలిపేయాలనిపిస్తుంది. ఖాళీ జూన్ నుంచి అక్టోబరు దాకా ఉంటే? ఆ ఏడాది నేల కుంగిన సంగతే మాయమవుతుంది! ఉన్న రోజులతోనే లెక్కకట్టే ఈఎం, బేసియన్ అనే గణాంక పద్ధతులున్నాయి. అటు వెళ్లమనండి. డేటా పూర్తిగా ఉన్న స్టేషన్‌లో తనే ఒక వానాకాలం మొత్తం దాచిపెట్టి, పద్ధతి చెప్పిన విలువలను అసలు విలువలతో పోల్చాలి. అక్కడక్కడా ఒక్కో రోజు దాస్తే ఏ పద్ధతైనా పాసైపోతుంది. ఇంటర్వ్యూలో నేనైతే ఈ ఒక్క పోలిక గురించే అడుగుతాను. డేటాకి ఖర్చు లేదు, నెవాడా జియోడెటిక్ లేబొరేటరీ వేల స్టేషన్లవి ఉచితంగా ఇస్తుంది.

ఈ పనికోసమే క్యాంపస్‌కి వచ్చే కంపెనీలను మాత్రం ఆశించకండి. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ (భూమి కొలతలు, మ్యాపుల శాస్త్రం) పేపర్ ఉంది, ఎంటెక్‌కి అదొక దారి. పరిశోధన ఇష్టమైతే హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, ఉస్మానియాలో నావిగేషన్ మీద పనిచేసే పరిశోధన విభాగం నెర్టూ ఉంది. సాఫ్ట్‌వేర్‌కే వెళ్లినా నష్టమేమీ లేదు. ఫ్యాక్టరీ సెన్సర్ల డేటాకీ, కరెంటు మీటర్ల డేటాకీ ఇదే జబ్బు. ఏఐ నేర్చుకున్న ఫ్రెండ్స్ కూడా రేపు ఉద్యోగంలో ఈ ఖాళీలతోనే కుస్తీ పడాలి.

ఒక్క జాగ్రత్త. గైడ్‌కి ఈ సబ్జెక్టు కొత్తయితే మొదటి సెమిస్టర్‌లో పది పదిహేను స్టేషన్లకు మించి ముట్టుకోవద్దనండి.