కొండమీది గూడెంలో చివరింటికి లోవోల్టేజీ ఎందుకు వస్తుంది?

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఆ ఇంటిదాకా వచ్చే 230 వోల్ట్ల తీగ మరీ పొడవైతే, దారిలోనే వోల్టేజీ ఖర్చయిపోతుంది. తీగ నిరోధాన్ని (కరెంటును అడ్డుకునే గుణాన్ని) అందులో పారే కరెంటుతో గుణిస్తే ఎంత పోతుందో తెలుస్తుంది.

విజయనగరం జిల్లా శృంగవరపుకోట కొండల్లో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఊళ్లో, గూడెం కిలోమీటరు పైన ఉందనుకోండి. 34 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు కిలోమీటరుకు దాదాపు 1 ఓమ్ నిరోధం. సింగిల్ ఫేజులో కరెంటు పోను ఒక తీగ, రాను ఒక తీగ కాబట్టి 2 ఓమ్‌లు. రాత్రి 7 గంటలకు గూడెమంతా కలిసి 20 ఆంపియర్లు వాడితే 40 వోల్ట్లు తీగలోనే పోతాయి. చివరికి చేరేది 190. ఫ్యాను నెమ్మదిస్తుంది, మిక్సీ బలం తగ్గుతుంది. అదే విద్యుత్తును 11 వేల వోల్ట్ల లైనులో గూడెం దాకా తెచ్చి, అక్కడే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడితే, వోల్టేజీ ఎక్కువైనకొద్దీ అంతే విద్యుత్తుకు తక్కువ కరెంటు చాలు కాబట్టి, లైనులో పారేది అర ఆంపియర్ లోపే. నష్టం ఒక్క వోల్టు కూడా ఉండదు. అసలైన మందు ఇదే.

స్టెబిలైజరు కొంటే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అది ఒక ఇంట్లో వోల్టేజీ పెంచడానికి లైను నుంచి మరింత కరెంటు లాగుతుంది, పక్కింటికి ఇంకా తగ్గుతుంది.

ఫిర్యాదుకు ముందు ఒకే సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లోనూ చివరింట్లోనూ ప్లగ్గు దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ కొలవండి. అక్కడ 230, ఇక్కడ 190 అయితే లోపం తీగలోనో, వదులైన జాయింటులోనో ఉంది. రెండుచోట్లా తక్కువే అయితే ట్రాన్స్‌ఫార్మర్‌నో దాని పై లైనునో చూడాలి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేసినప్పుడు ఈ రెండు అంకెలూ, కొలిచిన టైమూ చెప్పండి.