ఇంటర్నెట్‌లో ఐపీ అడ్రస్‌లు ఎప్పటికైనా అయిపోతాయా?

నెట్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే నంబరే ఐపీ అడ్రస్. వీటిలో ఐపీవీ4 అనే పాత రకం అడ్రస్‌లు ఎప్పుడో అయిపోయాయండి. ఐపీవీ4 అడ్రస్ అంటే 32 బిట్ల (0 లేదా 1 అనే అంకెల) సంఖ్య. ఎంత లెక్కేసినా సుమారు 429 కోట్లకు మించి రావు. ప్రపంచ స్థాయిలో వీటిని పంచే ఐఏఎన్ఏ దగ్గరున్న చివరి ఐదు బ్లాకులు (అడ్రస్‌ల గుంపులు) 2011 ఫిబ్రవరి 3న ప్రాంతీయ సంస్థలకు వెళ్లిపోయాయి. యూరప్ సంస్థ దగ్గర 2019 నవంబర్‌లో నిండుకున్నాయి.

మరి నెట్ ఎలా నడుస్తోంది? మీ ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి చూడండి. 192.168.1.5 లాంటిది కనిపిస్తుంది. అచ్చం అదే నంబర్ పక్కింటి ఫోన్‌కీ ఉండొచ్చు. అది ఇంటి లోపల మాత్రమే చెల్లుతుంది. బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ తన అడ్రస్ వేసి పంపి, జవాబు రాగానే ఎవరిది వాళ్లకు అందిస్తుంది. దీన్నే నాట్ అంటారు. కొన్ని ఇంటర్నెట్ కంపెనీలైతే ఒక్క అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు కలిపి వాడతాయి. అందుకే ఇంట్లో సీసీ కెమెరాను బయటి నుంచి నేరుగా చూడాలంటే అంత ఇబ్బంది.

నాట్ సర్దుబాటే, అసలు మందు కొత్త రకం అడ్రస్ ఐపీవీ6. ఇందులో 128 బిట్లు. మామూలుగా ఒక్క ఇంటి నెట్‌వర్క్‌కు ఇచ్చే వాటాలోనే 429 కోట్లను 429 కోట్లతో గుణించినన్ని అడ్రస్‌లు ఉంటాయి. ఇవి అయిపోతాయన్న టెన్షన్ మనకు అక్కర్లేదు.